ఏవిస్ మీద కట్టిన పాట

చంకన బట్టల గంపతో థామసిన్ సంతలోకి వచ్చేసరికి ధాన్యం అంగళ్ళ దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఒకడు ముక్కాలిపీట ఎక్కి పాడుతున్నాడు. మెడలో సంచీ, చేతిలో అచ్చు కాగితాల దొంతర. వరస ఊళ్ళో అందరికీ తెలిసిందే. నావికుణ్ణి ఏడిపించిన పాలపిల్ల మీద ఒక కొంటె పాట ఆ వరసలోనే ఉంది. థామసిన్ కూతురు బట్టలు బాదుతూ ఎప్పుడూ అదే పాడేది, తల్లి ఎప్పుడూ కసిరేది. అందుకే ఆవిడ కాళ్ళు ఆగాయి. వరస అదే గానీ మాటలు వేరు.

ఏడవకే కన్నతల్లి, ఏడుపేల నాకొరకు,
వేడుకగా పోవుచుంటి పెండ్లిపిల్లనై పరముకు.

ఎవరి బిడ్డో పాపం, అనుకుంది థామసిన్. గంప ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది. తర్వాతి చరణంలో పిల్ల పేరు వచ్చింది. ఏవిస్. సడ్‌బరీ పట్నంలో బట్టలుతికి బతికే విధవరాలి ఒక్కగానొక్క కూతురు ఏవిస్.

ముల్లువలె నొప్పి గుచ్చ మోము చిట్లించదాయె,
తల్లి, ప్రభువు చేతి దెబ్బ తండ్రి ముద్దు వంటిదనియె.

అక్కణ్ణుంచి పాట చాలాసేపు సాగింది. పిల్ల తన గౌను పేదలకు ఇచ్చేసింది. తోటి పడుచులకు బుద్ధులు చెప్పింది. తల్లి మోకాళ్ళ మీద నిలబడి, ప్రభూ నీ చిత్తం, అంది. పిల్ల నవ్వుతూ కళ్ళు మూసింది. జనంలో ఆడవాళ్ళు కొందరు నడుముకు కట్టిన ముంగుడ్డలతో ముక్కులు తుడుచుకున్నారు. థామసిన్ వాళ్ళను తోసుకుంటూ పీట దగ్గరకు వెళ్ళింది.

"ఎవరు రాశారయ్యా ఇది?"

"రాసేవాడు రాశాడు, అచ్చేసేవాడు లండన్లో అచ్చేశాడు, పాడేవాణ్ణి నేను. పెన్నీకొకటి. మంచానికెదురుగా గోడకంటించుకో, ఇంటికి మంచిది."

"ఈ పిల్ల నీకు తెలుసా?"

"తెలియకపోవడమేం? బొమ్మ కూడా వేశారు చూడు."

పందిరి మంచం మీద, మెడ చుట్టూ కుచ్చుల పట్టీ పెట్టుకున్న గొప్పింటి ఆడమనిషి పడుకొని ఉంది. తలవైపు బాణం పట్టుకొని ఎముకలగూడు నిలబడి ఉంది. థామసిన్ ఆ బొమ్మ వంక చూసింది. ఆవిడకు చదువు రాదు గానీ బొమ్మ చూడ్డానికి చదువక్కర్లేదు.

"ఇది మా పిల్ల కాదు," అంది. "మాకు పందిరి మంచం ఎక్కడిది?"

పాటవాడు చటుక్కున పీట దిగాడు. ఆవిడ ముఖంలోకి చూశాడు, నీళ్ళకు నాని ముడతలు పడ్డ చేతుల వంక చూశాడు. ఆ చేతిని పట్టుకొని పైకెత్తాడు.

"అమ్మలారా, అయ్యలారా, ఇటు చూడండి. మోకాళ్ళ మీద నిలబడి ప్రభువుకు బిడ్డను అప్పగించిన తల్లి ఈవిడే. మీ ఊరి మనిషే. నా మాట నమ్మొద్దు, ఆవిణ్ణే అడగండి."

జనం దగ్గరకు జరిగారు. ఎవరో ఆవిడ ముంగుడ్డ అంచు పట్టుకున్నారు. పసిబిడ్డను ఎత్తుకున్న ఒకావిడ మెల్లిగా అడిగింది. "నిజంగా నవ్వుతూ పోయిందా అమ్మా?"

థామసిన్ నోరు తెరిచింది. ఎదురుగా అన్ని ముఖాలు, అన్నీ ఔననే మాట కోసం చూస్తున్నాయి. తల ఊపింది. కాగితాలు చేతులు మారుతుంటే పాటవాడు ఒకటి తీసి ఆవిడ గంపలో పడేశాడు. "నీకు ఊరికే తల్లీ," అన్నాడు, మర్యాదగానే.

*

ఆదివారం ఆరాధన అయ్యాక ఆంబ్రోస్ పాదిరిగారు చర్చి గుమ్మంలో ఆవిణ్ణి ఆపాడు. ఆయన సన్నటి కుర్ర మనిషి, ఎప్పుడూ జలుబు.

"పాట విన్నావా థామసిన్?"

"విన్నానయ్యగారూ."

"అంత్యక్రియల ప్రసంగంలో నేను చెప్పిన నాలుగు మాటలు ఎవరో లండన్ చేర్చారు. గౌను ఇచ్చేయడం, బుద్ధులు చెప్పడం, అదంతా పాట కట్టినవాడి అలంకారం అనుకో. అసలు మాట మాత్రం నువ్వు నాతో అన్నదే. నెమ్మదిగా పోయిందన్నావు."

అన్నమాట నిజమే. ఆ రోజు ఆయన పొరుగూరు వెళ్ళి, అంతా అయిపోయాక బురద కాళ్ళతో పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, ఎలా పోయింది, అని అడిగాడు. నెమ్మదిగా పోయిందయ్యగారూ, అంది థామసిన్. అరుస్తూ తిడుతూ పోయిన ప్రాణం ఎటు పోతుందో ఆ ఊళ్ళో పసిపిల్లల నడిగినా చెబుతారు. తన పిల్ల గురించి ఎవరూ ఆ మాట అనుకోకూడదు. అందుకే ఆ ఒక్క ముక్క అంది. అదిప్పుడు చరణాలు చరణాలుగా పెరిగి సంతకెక్కింది.

"ఎంతమందికి ఆదరణగా ఉందో చూడు," అన్నాడు పాదిరిగారు. ఆయన కళ్ళల్లో నిజంగానే తడి ఉంది. "నాకూ ధైర్యం వచ్చింది. నేనూ ఏదో ఒకనాడు పోవాలి కదా."

అయ్యగారూ, అని మొదలుపెట్టబోయింది థామసిన్. ఆయన భుజం మీదుగా చర్చి గోడ పక్కన ఏవిస్ సమాధి మట్టి కనిపించింది. ఇంకా గడ్డి మొలవలేదు. నోరు మూసుకొని వంగి నమస్కరించి వెళ్ళిపోయింది.

మర్నాడు ఏటి రేవులో ఆడవాళ్ళు ఆవిడకు దారి వదిలారు. అందరిలోకీ భారీ మనిషి మార్జరీ తన బండ మీంచి లేచి నడుము వంచింది.

"పాటకెక్కిన గొప్పావిడ వచ్చింది, జరగండే. మంచి బండ ఇవ్వండి ఆవిడకి."

"ఊరుకో మార్జరీ."

"నేను పోయాక నా మీద కూడా కట్టించవే, నీకు పుణ్యముంటుంది."

"నీ మీద కట్టాలంటే కాగితం చాలొద్దూ," అంది పక్కనున్నావిడ. అందరూ నవ్వారు. తర్వాత మార్జరీయే తన గరుకు గొంతుతో పాట అందుకుంది. మిగతావాళ్ళు దానికి తగ్గట్టు బట్టలు బాదారు. తల్లి, ప్రభువు చేతి దెబ్బ, ధబ్. తండ్రి ముద్దు వంటిదనియె, ధబ్. థామసిన్ తల ఎత్తకుండా ఉతికింది.

*

సోమవారం సాయంత్రం టాల్బట్ వారింటికి మాసిన బట్టల కోసం వెళ్ళడం అలవాటు. ఉన్నిబట్టల వ్యాపారం చేసే ఇల్లు అది. పెద్దాయన ఏనాడో పోయాడు. ఆయన భార్య మిస్ట్రెస్ టాల్బట్ నడుముకు తాళాల గుత్తి కట్టుకొని అంతా తానే నడిపిస్తోంది. ఆవిడ కొడుకు సరుకు వెంట లండన్ వెళ్ళాడు. కోడలు సిసిలీ వారం కిందట మగపిల్లాణ్ణి కంది.

ఆ రోజు మిస్ట్రెస్ టాల్బట్ తానే తలుపు తీసింది.

"బట్టల సంగతి తర్వాత. పైకి రా."

మెట్ల మధ్యలో ఆగి, గోడ పట్టుకొని, గొంతు తగ్గించింది.

"జ్వరం దిగడం లేదు. మంత్రసాని చేతులెత్తేసింది. మా వాడికి మనిషిని పంపాను. వచ్చేసరికి ఉంటుందని నేననుకోను. దేహం నా చేతుల్లో లేదు థామసిన్, ఆత్మనైనా కాపాడుకోవాలి. అరుస్తోంది. నాకే ఎందుకు అని దేవుణ్ణి అడుగుతోంది. అలా అడుగుతూ అడుగుతూ పోతే?" ఆవిడ ఆ మాట పూర్తి చేయలేదు. "నీ పిల్ల ఎలా ఓర్చుకుందో నీ నోటితో చెప్పు. పాట రోజూ చదివి వినిపిస్తున్నాను. కన్నతల్లి చెబితే వేరు."

గది తలుపులన్నీ బిగించి ఉన్నాయి. పొయ్యిలో మంట. పుల్లటి చెమట వాసన, దాని కింద ఇంకో వాసన. థామసిన్ ఎన్నో ఇళ్ళ దుప్పట్లలో ఆ వాసన ఎరుగును. మంచానికెదురుగా గోడ మీద పిండితో అంటించిన కాగితం, అదే పందిరి మంచం, అదే ఎముకలగూడు.

సిసిలీ ముఖం తలగడ కంటే తెల్లగా ఉంది, బుగ్గల మీద మాత్రం రెండు ఎర్రటి మచ్చలు.

"ఏవిస్ వాళ్ళమ్మా?" అంది. "నాకు తెలుసు పిన్నీ. నా పెళ్ళికి టోపీ ఇస్త్రీ చేసి తనే తెచ్చింది. నా తల మీద పెట్టి చూసి, గిన్నె బోర్లించినట్టుందమ్మా అని నవ్వింది."

పిన్నీ అన్న మాటకు అత్తగారి కనుబొమలు కదిలాయి.

"ఒక్కసారి కూడా మూలగలేదా?"

థామసిన్ మిస్ట్రెస్ టాల్బట్ వంక చూసింది. ఆవిడ మంచం కోడు పట్టుకొని నిలబడి ఉంది, వేళ్ళ కణుపులు తెల్లబడేంతగా.

"లేదమ్మా."

"భయపడలేదా?"

"లేదు."

సిసిలీ కళ్ళు మూసుకుంది. "అయితే నేను మంచిదాన్ని కాదన్నమాట," అంది. అందులో ఫిర్యాదు లేదు. కొలిచి చూస్తే గుడ్డ చాలలేదన్నట్టు అంది.

ఇంతలో నొప్పి వచ్చింది. మోకాళ్ళు పైకి లాక్కుంది. మెడ నరాలు తేలాయి. దుప్పటి అంచు గుప్పిట్లోకి తీసుకొని నోట్లో కుక్కుకుంది. గదిలో చప్పుడు లేదు.

"అదీ, అలా ఓర్చుకో తల్లీ," అంటూ అత్తగారు ఆమె నుదురు తుడిచింది. ఆ తుడిచే చెయ్యి ఎంత మెత్తగా ఉందో చూసి థామసిన్ తల తిప్పుకుంది.

*

నారబట్టల ఉతుకు ఒక్క పూటలో తేలేది కాదు. ముందు చన్నీళ్ళలో జాడించాలి. కొయ్య తొట్టిలో దుప్పట్లు పొరలు పొరలుగా పేర్చి, పైన ముతకగుడ్డ పరచి, దాని మీద జల్లించిన కట్టెల బూడిద పోయాలి. కాగిన నీళ్ళు కడవలతో దాని మీద పోస్తే బూడిద సారమంతా బట్టల్లోంచి దిగి, తొట్టి అడుగున తూములోంచి గోధుమరంగు నీళ్ళై కారుతుంది. ఆ నీళ్ళు పట్టి, మళ్ళీ కాచి, మళ్ళీ పోయాలి. పొద్దు వాలేదాకా అదే పని.

సిసిలీ పక్క మీంచి తెచ్చిన టాల్బట్ వారి దుప్పటి పరిచి పొరలో సర్దబోతుంటే థామసిన్ వేళ్ళకు కన్నాలు తగిలాయి. చిరుగు కాదు. చిరిగితే దారం ఒక వైపుకు సాగుతుంది. ఇవి అంచు పొడుగునా చిన్న చిన్న గాట్లు, రెండేసి వరసలు, ఒకచోట గుడ్డ నలిగి పీచైపోయింది. అక్కడక్కడ నెత్తురు చుక్కలు. వెలుతురుకు పట్టి చూసింది. అవి పళ్ళు దిగిన గుర్తులు.

ఊళ్ళో ఎవరింట ఏముందో దుప్పట్లు ఆవిడకు చెప్పేవి. ఎవరి పెద్దాయన పక్క తడుపుతున్నాడో, ఏ కొత్త జంట వేరువేరుగా పడుకుంటోందో ఆవిడకు తెలుసు. తెలిసినవేవీ నోటి దాకా రానిచ్చేది కాదు. కానీ ఈ కన్నాలు వేరు. లేదమ్మా, అని తను రెండుసార్లు అంది. అది విన్నాకే ఆ పిల్ల నోట్లో గుడ్డ కుక్కుకుంది.

తొట్టి అంచు మీద కూర్చుంది. నిజం చెబితే ఏమవుతుందో ఆవిడకు బాగా తెలుసు. సంతలో ముంగుడ్డ పట్టుకున్నవాళ్ళే ఏవిస్ మట్టి దగ్గరకు వచ్చేసరికి పక్కకు తప్పుకొని నడుస్తారు. మార్జరీ పాట ఆపేసి, మిగతావాళ్ళ వంక చూస్తుంది. పాదిరిగారికి దొరికిన ధైర్యం పోతుంది. అవన్నీ ఒక ఎత్తు. పైకి ఒక్కసారి అనేస్తే తనకు కూడా అది నిజమైపోతుంది. నెమ్మదిగా పోయింది అన్న మాటను ఆవిడ కూడా కొన్ని రాత్రులు నమ్మింది.

నీళ్ళు చల్లారిపోయాయి. లేచి మళ్ళీ పొయ్యి ఎగదోసింది.

దుప్పటి ముళ్ళకంచె మీద ఆరాక, గుమ్మంలో కూర్చొని ఆ కన్నాలన్నీ తెల్లదారంతో రఫ్ఫు చేసింది. ఎవరూ చేయమనలేదు.

*

ఉతికిన బట్టలు తీసుకొని వెళ్ళేసరికి కింద పసివాడు ఏడుస్తున్నాడు. పాలిచ్చే మనిషి ఇంకా రాలేదని మిస్ట్రెస్ టాల్బట్ తానే వాణ్ణి ఎత్తుకొని తిరుగుతోంది. "పక్క మార్చి రా," అంది థామసిన్‌తో.

మనిషి పడుకొని ఉండగానే పక్క మార్చడం థామసిన్‌కు అలవాటే. సిసిలీని మెల్లిగా ఒక పక్కకు ఒత్తిగించి, పాతదాన్ని వీపు దాకా చుట్టి, ఉతికినదాన్ని వెనకే పరిచి, మళ్ళీ ఇటు దొర్లించింది. ఆ పిల్లలో ఏమీ బరువు లేదు. ఒళ్ళు మాత్రం పొయ్యి మీంచి తీసిన పెంకులా ఉంది.

"చల్లగా ఉంది," అంది సిసిలీ ఉతికిన దుప్పటి మీద చెంప ఆనించి. అంతలో రఫ్ఫు చేసిన చోటు వేలికి తగిలింది. తగిలినచోటే ఆగి, తలెత్తి చూసింది. "అత్తయ్యకి చెప్పొద్దు పిన్నీ."

థామసిన్ మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"పాట అబద్ధం తల్లీ."

సిసిలీ తల తిప్పి ఆవిడ వంక చూసింది.

"నేను నీతో అన్నదీ అబద్ధమే. ఏవిస్ అరిచింది. కడుపులో నొప్పి, రెండు చేతులతో అక్కడే పట్టుకొని అరిచింది. ఏటి ఒడ్డున మా ఇల్లు ఒంటరిది కాబట్టి ఎవరికీ వినపడలేదు. నన్ను తిట్టింది. పాదిరిగారి కోసం కబురు పెడతానంటే, వస్తే కుండ పెట్టి కొడతానంది."

"ఏవిసా?"

"విసిరింది కూడా, నా మీదకి. చేతిలో ఓపిక లేక మంచం పక్కనే పడింది."

సిసిలీ గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. నొప్పేమోనని థామసిన్ లేవబోయింది. నవ్వు అది. నవ్వుతుంటే కడుపు పట్టుకుంది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"తర్వాత?"

"నాకు చావాలని లేదమ్మా, ఎవరికైనా చెప్పు, అంది. ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు తల్లీ. అలా కూర్చున్నాను."

"చివర్లో ఏమంది?"

"చివర్లో దేవుడి మాటేమీ అనలేదు. మబ్బేసింది, బట్టలు తీశావా అని అడిగింది. తీశానన్నాను. అంతే."

"తీశావా?"

"లేదు. అన్నీ తడిసిపోయాయి."

సిసిలీ పైకప్పు దూలం వంక చూసింది. కింద పసివాడి ఏడుపు ఆగింది.

"మరి ఇప్పుడు ఏవిస్ ఎక్కడుందంటావు?"

ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని థామసిన్ శీతాకాలమంతా భయపడింది. అడిగాక చూస్తే జవాబు నోట్లోనే ఉంది.

"నాకు తెలియదు. పాదిరిగారు చదువుకున్నవారు, ఆయనకు తెలుస్తుందేమో. నాకు తెలిసిందల్లా ఒక్కటే. అది ఎంత తిట్టి, ఎంత అరిచి వచ్చి తలుపు కొట్టినా నేనైతే తలుపు తీస్తాను. దేవుడు నాకంటే రాతిగుండెవాడని నేననుకోలేను."

సిసిలీ గొంతులో మెల్లిగా మొదలైంది. ముందు సన్నటి మూలుగు, తర్వాత గొంతు నిండా ఏడుపు.

"నాకూ చావాలని లేదు పిన్నీ. వాడి ముఖం నేనింకా సరిగ్గా చూడనే లేదు. నాకేం వయసైపోయింది? నేనేం చేశాను?"

"ఏమీ చేయలేదమ్మా."

"ఏమీ చేయలేదు," అని సిసిలీ అరిచింది. థామసిన్ ఆ వేడి తలను గుండెకు పొదువుకుంది. అలా ఎంతసేపు ఉందో, తల తిప్పేసరికి గుమ్మంలో మిస్ట్రెస్ టాల్బట్ నిలబడి ఉంది. చేతిలో జావ గిన్నె. అందులోంచి ఆవిరి రావడం మానేసింది. ఆవిడ వచ్చి చాలాసేపే అయి ఉండాలి.

గిన్నె కిటికీ అరుగు మీద పెట్టింది. "బట్టలు తీసుకొని వెళ్ళు," అంది.

వీధి తలుపు దగ్గర మాత్రం ఆపింది. "నీ కూతురి సంగతి నలుగురికీ తెలిస్తే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసమ్మగారూ."

"తెలిసే చెప్పావా?"

"ఔనమ్మగారూ."

తాళాల గుత్తి మీద ఆవిడ చెయ్యి కదులుతూ ఉంది, ఏదో తాళం చెవి వెతుకుతున్నట్టు. తలుపు వేసింది.

మర్నాడు రేవులో థామసిన్ ప్రతి గుసగుసకూ ఉలిక్కిపడింది. ఇద్దరు ఆడవాళ్ళు తలలు దగ్గరకు చేరిస్తే చాలు, చేతిలో బట్ట జారేది. మార్జరీ ఒక్కసారి గట్టిగా నవ్వితే, ఇక మొదలైంది, అనుకుంది. ఎవరిదో మేక సబ్బు తిన్నదట, దానికి ఆ నవ్వు. పొద్దుగూకేదాకా ఎవరూ ఏమీ అనలేదు. అది ఆవిడకు మరీ కష్టమనిపించింది.

*

శుక్రవారం పొద్దున్నే టాల్బట్ వారి పనిమనిషి వచ్చింది. అమ్మగారు వెంటనే రమ్మన్నారని మాత్రం చెప్పింది.

వీధిలోంచి చూస్తే ఇల్లు మామూలుగానే ఉంది, చప్పుడు లేదు. లోపలికి వెళ్ళి పైకెక్కాక తెలిసింది చప్పుడు ఎందుకు లేదో. పైగది కిటికీలకు లోపలివైపు మందపాటి ఉన్నిబట్ట తానులు తానులుగా వేలాడదీసి ఉంది. అమ్మకానికి మడిచిపెట్టిన కొత్త సరుకు అదంతా. తలుపుకు కూడా ఒక తాను అడ్డం కట్టి ఉంది. దాన్ని పక్కకు తొలగించి లోపలికి అడుగుపెట్టగానే అరుపు చెవులకు కొట్టింది.

మిస్ట్రెస్ టాల్బట్ మంచం మీద ఉంది, చెప్పులు కూడా విప్పలేదు. కోడలి వెనక కూర్చొని, రెండు చేతులూ ఆమె చుట్టూ వేసి పట్టుకుంది. టోపీ ఊడి నెరిసిన జుట్టు భుజాల మీద పడింది. చెంప మీద గోళ్ళు గీసుకున్న ఎర్రటి చార. పక్కన పొత్తిగుడ్డల్లో పసివాడు, అంత గోలలోనూ నిద్రపోతున్నాడు. గోడ మీది పాట మీదికి కూడా ఒక బట్ట చెంగు జారి ఉంది. కావాలని కప్పిందో, కిటికీది అంతవరకూ వచ్చిందో తెలియదు.

"అరవమ్మా," అంటోంది ఆవిడ, కోడలి చెవి దగ్గర. "ఎవరూ వినరు. నేనున్నాను. అరువు."

థామసిన్ వెళ్ళి కాళ్ళు పట్టుకుంది. అరుపు కాసేపటికి మూలుగైంది. సిసిలీ ఒకసారి, నీళ్ళు, అంది. ఇస్తే మింగలేదు. ఇంకోసారి ఎవరినో పేరు పెట్టి పిలిచింది, పేరు స్పష్టంగా రాలేదు. దుప్పటి అంచు నోటికి అందినప్పుడు అత్తగారు దాన్ని లాగేసి తన ముంజేయి అడ్డం పెట్టింది. చివరికి ఊపిరి ఒకటి వచ్చి, తర్వాతది రాలేదు. మిస్ట్రెస్ టాల్బట్ ఆ తర్వాత కూడా, అరువు, నేనున్నాను, అని రెండు మూడుసార్లు అంది.

పాదిరిగారు వచ్చేలోగా ఇద్దరూ పని చేశారు. ముఖం తుడిచారు, జుట్టు దువ్వారు, పక్క మార్చారు. కిటికీలకు కట్టిన తానులు దించి మడతలు పెట్టారు. ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. పాత దుప్పట్లు మూటగట్టి థామసిన్ గంపలో పెట్టింది.

ఆంబ్రోస్ పాదిరిగారు టోపీ తీసి చేత్తో పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు. మంచం వంక చూశాడు.

"ఎలా పోయిందమ్మా?"

మిస్ట్రెస్ టాల్బట్ ముంజేయి మీదికి చేతి కుచ్చులు లాక్కుంది. థామసిన్ నేల వంక చూస్తూ నిలబడింది. ఊళ్ళో అందరికంటే భక్తిపరురాలు, అబద్ధమాడిన పనిమనిషిని ఆ పూటే వెళ్ళగొట్టే మనిషి.

"నెమ్మదిగా పోయిందయ్యగారూ," అంది మిస్ట్రెస్ టాల్బట్.

ఆయన ఆవిడ చెంప మీది చార చూశాడు. చూసి, థామసిన్ వైపు తిరిగాడు. "నువ్వూ ఉన్నావా?"

"ఉన్నానయ్యగారూ. ఒంటరిగా పోలేదు."

ఆయన టోపీ అంచు వేళ్ళతో తిప్పాడు. జలుబు వల్లో ఏమో, ముక్కు తుడుచుకున్నాడు.

"ప్రసంగంలో నేను ఈసారి ఎక్కువ చెప్పనులెండి," అన్నాడు మెల్లిగా. మోకరించి, చిన్న ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు.

థామసిన్ గంప ఎత్తబోయింది.

"అవి ఎవరి కంటా పడకూడదు," అంది మిస్ట్రెస్ టాల్బట్.

"నా చేతికొచ్చాక ఎవరి కంటా పడవమ్మగారూ."

ఆవిడ తాళాల గుత్తి విప్పి బల్ల మీద పెట్టింది. గంపకు రెండో వైపు చెవి పట్టుకుంది. వద్దమ్మగారూ అనబోయి థామసిన్ ఊరుకుంది. ఇద్దరూ గంపను మధ్యలో మోసుకుంటూ వీధిలోకి వచ్చారు. రొట్టెలమ్మేవాడు చూసి నోరు తెరిచాడు, టోపీ తీయడం కూడా మర్చిపోయాడు. ఆవిడ ఎటూ చూడకుండా నడిచింది. సందు మలుపులో అడుగులు కలవక గంప ఒరిగితే, థామసిన్ నడక తగ్గించింది.

ఏటి ఒడ్డున, థామసిన్ ఇంటి వెనక ఎవరూ లేరు. మిస్ట్రెస్ టాల్బట్ బురదలో మోకాళ్ళ మీద కూర్చొని చేతులు పైకి మడిచింది. ముంజేతి మీద పంటి గాట్లు నీలంగా లేచి ఉన్నాయి.

"ఎలా చెయ్యాలి?"

"ముందు చన్నీళ్ళలో పెట్టండమ్మగారూ. వేడి తగిలితే నెత్తురు పట్టేస్తుంది, ఇక పోదు."

ఆవిడ దుప్పటి నీళ్ళలో ముంచింది. ఏరు దాన్ని లాగితే గట్టిగా పట్టుకుంది. నీళ్ళు ఎర్రగా కదిలి, కొంచెం దూరం పోయి, మామూలు నీళ్ళలో కలిసిపోయాయి.

"తర్వాత?"

"తర్వాత ఏమీ లేదు. నానాలి."

ఇద్దరూ దుప్పటి చెరో కొస పట్టుకొని కూర్చున్నారు. కాసేపటికి మిస్ట్రెస్ టాల్బట్ ఏడవడం మొదలుపెట్టింది. ఎప్పుడూ ఏడవని మనుషులు ఏడ్చినట్టు, మోటుగా, పెద్దగా. అవతలి ఒడ్డున బాతులు లేచిపోయాయి. థామసిన్ ఆవిణ్ణి ఊరుకోమనలేదు.